కింద వచ్చే అక్షరాలు

దయ్యాలా? ఎవరు జెప్పిన్రు వదినె మీకు, నేను పిల్లకు దయ్యాల బొమ్మలు సూపిస్తున్న అని? మా రంజిత్‌గాడేనా? వాడే అయ్యుంటడు. కన్నతల్లి మీద అత్తగారింటికి ఫోన్ జేసి చాడీలు జెప్పే కొడుకు ఈ నాచారం మొత్తంల వాడొక్కడే ఉంటడు.

కూసోర్రి ముందుగాల. ఆ సూట్‌కేసు గడప మీద ఎందుకు నిలబెట్టిన్రు? లోపలికన్న తేర్రి, బయటికన్న బెట్టుర్రి. ఖాళీదే గదా? మీరు పట్టుకొచ్చిన తీరు సూస్తెనే తెలుస్తుంది. సాయి ప్రియ బట్టలు సర్దుకొని, పిల్లను మీ ఇంటికి తోలుకపోనీకి వచ్చిన్రు. నేను బడికి పోయింది తక్కువ గానీ, గంత తెల్వనిదాన్ని గాదు.

చాయ్ పెడ్తా. వద్దా? మంచినీళ్లన్న తాగుర్రి. హబ్సిగూడ నుంచి ఇక్కడికి ఆటోల ఎంతసేపు! అయినా ముఖమంతా చెమటలు. చలికాలంల చెమటలేంది? కోపానికొచ్చినయ్. రానీయుర్రి. నాకూ ఉన్నది కోపం. ఇద్దరం కోపం మీదనే మాట్లాడుకుందాం, పిల్ల ట్యూషన్ నుంచి వచ్చేలోపల ఏదో ఒకటి తేలాలె.

దయ్యాలంటే మీరు ఏం దయ్యాలనుకున్నరు? జుట్టు ఇరబోసుకొని, కండ్లల్ల నెత్తురు గార్చుకుంట వచ్చేటియా? గసోంటివైతే టీవీ నేనే పలగ్గొడుదును. ఇవి గవి గావు. జర ఇనుర్రి, ఇన్నంక తిట్టుర్రి.

అది జపానోళ్ల బొమ్మల కథ. దినానికొక ముక్క వస్తది. సముద్రం పక్కన చిన్న ఊరు, ఎనక కొండ. ఆ ఊర్ల ఒక పిలగాడు, కరెంటు మీటర్ రీడింగ్ తీసే నౌకరి. సైకిలేసుకొని ఇంటింటికి తిరుగుతడు. మన గల్లీకి నెలనెలా బిల్లు కొట్టనీకి వస్తడు సూడుర్రి, గసోంటోడే. కాకపోతే వీనికి ఒకటున్నది. ప్రతి ఇంట్ల మీటర్ డబ్బా పక్కపొంటి ఏదో ఒకటి కూసొని ఉంటది. ఆ ఇంటోళ్లకు కనబడది. వీనికి కనబడ్తది.

ఏముంటదా? ఏమో, దానికి నేనేం పేరు పెట్టాలె! ఒకింట్ల నానబెట్టిన శనగగింజంత ఉంటది, ఇంకోదాంట్ల సొరకాయంత. ఒకకాడ ముసలమ్మ లెక్క, ఒకకాడ తడిసిన పిల్లికూన లెక్క. ఇంట్ల మనుషులు కొట్లాడుకుంటుంటే అది మూలకు గూసొని ఆరిన బట్టల అంచులు సక్కగ జేస్తుంటది. పిలగాడు రీడింగ్ సూసుకుంటడు. దాని దిక్కు తిరిగి జర తల వంచుతడు. 'మీరున్నట్టు నేను చూశాను' అంటడు. పోతడు. అయిపాయె.

మన దిక్కయితే యాపమండలు దెచ్చి, మిరపకాయల పొగ బెట్టి, ఎల్లగొట్టిందాంక ఊకోరు. వీడు ఎల్లగొట్టడు. ఎందుకున్నవని అడగను గూడ అడగడు.

కొట్లాట లేదు వదినె అండ్ల. విలన్ లేడు. వాన పడ్తది. మస్తుసేపు పడ్తది, ఊకె వాననే సూపిస్తరు. కెటిల్ల కెల్లి ఆవిరి వస్తది, కప్పలు అరుస్తయ్. మొదాట్ల నాకు తిక్క లేచింది. నేను మల్లాపూర్ల మందుగోలీల కంపెనీల ప్యాకింగ్ జేసిన మనిషిని. గేటు ముంగట టెంట్ ఏసుకొని, పోలీసోళ్లతోని లొల్లి బెట్టుకొని కూసున్నదాన్ని. నా ముంగట కప్పలను అరిపిస్తె ఎట్లుంటది? 'ఏందే ఇది, ఏమైతదో ఏమైతదో అని సూస్తుంటే ఏం గాదాయె!' అని ఒర్రిన.

మరి ఎందుకు సూస్తున్నవ్ అంటరా? గదే చెప్పొస్తున్న.

పెత్రమాస నాడు ఏమైందో రంజిత్ మీకు జెప్పిండా? చెప్పలే. నాకెరికే. చాడీలకు నోరొస్తది వానికి, గివి జెప్పనీకి రాదు.

మీ దిక్కు ఎట్ల జేస్తరో నాకు తెల్వది. మా ఇండ్లల్ల పెత్రమాసకు పెద్దలకు పెడ్తం. పోయినోళ్లకు ఏమిష్టమో గవన్ని వండి, ఆకుల బెట్టి, ఫోటో ముంగట దీపం ముట్టించి, తలుపు దగ్గరికేసి అందరం బయటికొచ్చి కూసుంటం. వాళ్లొచ్చి తినిపోవాలె గదా. మనం సూస్తుంటే తినరు. జరసేపైనంక దగ్గి, తలుపు కొట్టి లోపలికి పోతం. ఆ ఆకులదే మనం తింటం. మా అత్త జేసింది, నేను జేస్తున్న. ఎందుకు ఏంది అని నేనెన్నడు అడగలే.

ఏడాది మాసికం అయినంక మీ బిడ్డకు ఇదే మొదటి పెత్రమాస. ఉదయశ్రీకి ఏమిష్టమో నాకు తెల్వదా? నా కోడలు గదా. గోంగూర ఏసి మటన్ వండిన. పెసరట్లు బోసిన, అల్లం ముక్కలు గూడ ఏసిన. మీరు జేసిన తీర్గ రాలే. పెనానికి అంటుకున్నయ్. అయినా బెట్టిన. తలుపేసి, నేను, రంజిత్, బయట మెట్ల మీద కూసున్నం. పిల్ల పైకి పోయిందనుకున్నం. పై పోర్షన్ల బిందుమాధవి అని కిరాయికుంటది, ఉప్పల్ దిక్కు కంప్యూటర్ల నౌకరి. పిల్ల ఊకె ఆమె కాడికి పోయేది.

పోలే వదినె. లోపల్నే ఉన్నది. బీరువా సందుల కూసున్నది. వాళ్లమ్మ వస్తది, సూద్దామని.

తలుపు తీసేసరికి ఆకు ముంగట కాళ్లు మడుసుకొని కూసున్నది. ఏడుస్తలేదు. నా దిక్కు సూసి, 'నానమ్మా, ఎవరూ రాలేదు' అన్నది.

గంతే. మళ్ల మాట్లాడలే.

నేను మేనేజర్ల నోరు మూపిచ్చిన మనిషిని. ఆఫీసర్లు కుర్చీలకెల్లి లేచి నిలబడి మాట్లాడేటట్టు జేసినదాన్ని. ఆ పూట దీపం ఒత్తి సర్దుకుంట నిలబడ్డ. ఏమని జెప్తం? వస్తరని నేనే జెప్తిని. రాలేదని అది కండ్లతోని సూసె.

ఆ తర్వాత సంగతి మీకెరికే. మీరే వచ్చిన్రు గదా. 'నోరిప్పు తల్లీ, అమ్మమ్మతో మాట్లాడు' అని గదుమ పట్టుకొని బతిమిలాడిన్రు. కథల పుస్తకాలు తెచ్చిన్రు. డాక్టరు కాడికి తోలుకపోయినం. మంచోడే ఆయన, 'తొందర పెట్టకండి' అన్నడు. తొందర ఎవరు బెట్టిన్రు! బడికి పోతది, వస్తది, పెట్టింది తింటది, అడిగితే తల ఊపుతది. ఇంట్ల ఫ్రిడ్జి సప్పుడు ఇనబడేది వదినె. అది సప్పుడు జేస్తదని నాకు అప్పటిదాంక తెల్వనే తెల్వది.

రంజిత్ ఏం జేసిండు అంటరా? వాడేం జేస్తడు. కంపెనీల డబుల్ డ్యూటీ మొదలు బెట్టిండు. ఇంట్ల ఉండుడు తక్కువైతె బాధ తక్కువైతదనుకున్నడు. నేను తిట్టలే. నాకు తిట్టబుద్ధి గాలే.

గా దినాలల్లనే పిల్ల ఈ కథ సూసుడు మొదలువెట్టింది. దీపాలు పెట్టే యాళ్లకు టీవీ ముంగట కూసునేది, సౌండు ఇంత చిన్నగ బెట్టుకొని. ఒకనాడు నాకు కోపం ఆగలే. బంద్ జేద్దామనే వచ్చిన, మీకు అబద్ధమెందుకు చెప్పాలె. రిమోట్ దొర్కలే. పక్కన కూలబడి రిమోట్ దేవులాడుతున్న. టీవీల ఆ సైకిల్ పిలగాడు ఒక ముసల్దాని ఇంటి ముంగట ఆగి ఏదో అన్నడు. నేను పరాకుగ, 'ఏమంటుండే వాడు?' అన్న.

'మీటర్ చూడ్డానికి వచ్చానంటున్నాడు, నానమ్మా.'

నేను కదలలే వదినె. రిమోట్ నా తొడ కిందనే ఉన్నది, గప్పుడు తగిలింది. తియ్యలే. కదిలితే పిల్ల మళ్ల నోరు మూస్తదేమో అని బయం.

'ఆ ముసల్ది ఏమంటుంది?' అన్న.

'టీ తాగి వెళ్లమంటోంది.'

'తాగుతడంటనా?'

'తాగుతాడట.'

గట్ల మొదలైంది. కింద ఇంగ్లీష్ల అక్షరాలు వస్తయ్ గదా, అవి సదివి నాకు తెలుగుల జెప్తది. నాకు ఇంగ్లీష్ ముక్క రాదు. నేను అడుగుడు, అది చెప్పుడు. దినం గదే పని. చెప్తుంటే గొంతు అచ్చం మీ బిడ్డదే. మాట గూడ మీ తెనాలి మాటే. పుట్టింది నాచారంల, పెరిగింది నా సంకల, అయినా 'వచ్చాడు, వెళ్లాడు' అంటది. ఇదివరకు ఎక్కిరించేదాన్ని. ఇప్పుడు ఎక్కిరిస్తలేను.

అట్ల సూసుకుంట సూసుకుంట నాకు గూడ ఏందో అలవాటైంది. ఒకనాటి కథల ఒకింటోళ్లు ఇల్లు ఖాళీ జేసి పోతుంటరు. సామాను లారీల ఎక్కిస్తుంటరు. ఆ ఇంటి సొరకాయంత దానికి లారీ ఎక్కరాదు. కింద నిలబడి సూస్తుంటది. ఇంటోళ్లకు కనబడదాయె, ఎవరెక్కిస్తరు? లారీ పోయింది. ఈ పిలగాడు ఏం మాట్లాడలే. దాన్ని సైకిల్ ఎనక కూసోబెట్టుకొని, ఆ లారీ పోయిన తొవ్వ పట్టుకొని మెల్లగ తొక్కుకుంట పోయిండు. ఒక తొందర లేదు. పొద్దు గూకుతుంది, వాడు తొక్కుతుండు. కొత్తింటి కాడ దించి, మీటర్ కింద కూసోబెట్టి, తల వంచి వచ్చేసిండు.

నా బతుకంతా ఒర్రుడే వదినె. ఒర్రకపోతే నల్లా నీళ్లు రాలే, ఒర్రకపోతే జీతం పెరగలే. దవాఖానల గూడ ఒర్రితెనే మంచం ఇచ్చిన్రు. ఒర్రకుండ గూడ ఒక పని అయితదని గా పిలగాన్ని సూసినంకనే ఎరికైంది. కొంగుతోని కండ్లు తుడుసుకుంటుంటే పిల్ల నవ్వింది. నవ్వింది అంటే, గట్టిగేం గాదు. ముక్కుల కెల్లి గాలి వచ్చింది. నాకది సాలు.

ఇగ అసలు సంగతి. రంజిత్‌కు గిది తెల్వదు. మీరు గూడ వానికి జెప్పకుర్రి.

ఒకనాడు ఆ పిలగాడు ఖాళీ ఇంటికి పోతడు. మనుషులుండరు. మీటర్ కింద ఒకామె కూసొని ఉంటది, వయసుల ఉన్నదే. కనబడని జాతిదే ఆమె గూడ. పిలగాడు గొడుగు పక్కన బెట్టి అరుగు మీద కూసుంటడు. ఆమె మాట్లాడుతది. శానసేపు మాట్లాడుతది, వాన పడుతనే ఉంటది.

'ఏమంటుందే?' అన్న.

పిల్ల చెప్పలే. అక్షరాలు వస్తున్నయ్, పోతున్నయ్. అప్పుడు మెల్లగ, టీవీ దిక్కే సూసుకుంట, 'వాళ్ల పాప పొద్దున్నే పోట్లాడి, టిఫిన్ డబ్బా తీసుకోకుండా స్కూలుకు వెళ్లిపోయిందట. రోజూ పెరుగన్నమేనా అని అరిచిందట. ఆవిడ అంటోందీ, ఆ డబ్బా నేనే తిన్నానమ్మా, వృథాగా పోలేదు. దానిమ్మ గింజలు ఎక్కువ వేశానుగా, భలే ఉంది. నువ్వింక దాని గురించి ఆలోచించకు, అంటోంది' అన్నది.

వదినె, జపానోళ్లు పెరుగన్నంల దానిమ్మ గింజలేసుకుంటరా?

మీరు సదువుకున్నోళ్లు, మీరు చెప్పుర్రి. ఏసుకోరు గదా. మా ఇండ్లల్ల గూడ ఏసుకోరు. మీ ఇంట్ల ఏసుకుంటరు. మీ బిడ్డ కాపురానికి వచ్చినంకనే పెరుగన్నంల దానిమ్మ ఏసుడు మేం సూసినం.

ఆ నీళ్లు తాగుర్రి. తాగుర్రి, ఏం గాదు.

ఆ డబ్బాను నేను సూసిన. ఉదయశ్రీ ఆఫీసుల పడిపోయిందని ఫోనొస్తే దవాఖానకు ఉరికినం. మేం పోయేసరికే అంతా అయిపోయింది. ఇంటికి తెచ్చిన్రు, మంది వచ్చిన్రు, నేను గంజి కాయనీకి వంటింట్లకు పోతే ఫ్రిడ్జి మీద పిల్ల డబ్బా మూత బెట్టింది బెట్టినట్టే ఉన్నది. మర్శిపోయిందేమో అనుకున్న. పొద్దుగాల తల్లీబిడ్డలు లొల్లి బెట్టుకున్నరని నాకేం తెలుసు, నేను పాలకు పోయిన. ఆ సంగతి తెలిసినోళ్లు ఇద్దరే. ఒకామె పోయింది. ఇంకోటి ఎనిమిదో తరగతి సదువుకుంట, కడుపుల బెట్టుకొని తిరుగుతుంది.

వృథాగా పోలేదంట. అన్నం నేనే పారబోసిన వదినె, పారబోసి డబ్బా కడిగి బోర్లించిన. అయినా నోరు మూసుకొని 'అట్లనా, మంచిగైంది' అన్న.

గప్పుడు సమజయింది నాకు, ఆ జపాన్ ఆమె తెనాలి మాట ఎందుకు మాట్లాడుతుందో.

అయినా పక్కా జేసుకోవాలె గదా. మరుసటి దినం బిందుమాధవి పెరుగు తోడుకోసం కిందికొచ్చింది. పిల్ల నాకు కథ జెప్తుంటే గిన్నె పట్టుకొని నిలబడి సూసింది. కుక్కర్ కూతలేస్తే పిల్ల బంద్ జేయనీకి పోయింది. ఈ పోరి పకపక నవ్వి, 'ఆంటీ, ప్రియ మీకు ఏదేదో చెప్తోంది, అక్కడ అలా లేదు. ఈ ఏడు పండ్లు బాగా కాశాయి అంటోంది ఆవిడ, అంతే' అన్నది.

నేను లేచి దాని నోరు మూసిన. చేత్తోనే. గిన్నె కింద పడ్డది, పెరుగు గోడకు చిట్లింది. అగో, ఆ మరక ఇంకా ఉన్నది.

బయటికి గుంజుకపోయి, ముందటి దినంది గూడ దాని సెల్లుల బెట్టి సదివిపిచ్చిన. ఖాళీ ఇంట్ల ఆ ఆడామె ఏమంటుందో ఎరికేనా? చూరు కారుతుంది, ఓనరుకు జెప్పు, అంటుందంట. గంతసేపు, గా వానల, చూరు గురించే మాట్లాడిందంట.

బిందుమాధవి తెలివిగల్లది, 'ఇది హిందీలో కూడా వస్తుంది ఆంటీ, ఒక్క బటన్ నొక్కితే చాలు, మీకు హిందీ బాగా వచ్చుగా' అన్నది. రాకేం! కంపెనీల మేం తిట్టుకునేదే హిందీల. 'ఆ బటన్ సంగతి పిల్ల ముంగట ఎత్తినవంటే నీ పోర్షన్‌కు నీళ్లు బంద్' అన్న. ఎత్తలే. మంచి పోరి.

ఏంది? అబద్ధాలు అలవాటైతయా?

అబద్ధమే. నేను కాదన్ననా? మీరు ఇన్నేండ్లు పిల్లలకు సదువు జెప్పిన్రు, మీకు తెల్వకుండ ఉంటదా. మీరన్నట్టు డాక్టరుకు గూడ జెప్దాం. మీతోని వచ్చి నేనే జెప్తా. ఆయన మానుపియ్యమంటే గప్పుడు సూద్దాం.

మీ ఇంట్ల గూడ సూపిస్త అంటున్నరు. మీ టీవీ పెద్దది, నాకెరికే. మీరు గూడ పక్కన కూసుంటరు. ప్రేమగనే కూసుంటరు, కాదనను. కానీ వదినె, మీరు ఇంగ్లీష్ టీచరమ్మ. ఆ అక్షరాలు వచ్చుడే ఆలస్యం, మీ కండ్లు సదివేస్తయ్. సదవొద్దనుకున్నా సదువుతయ్. పిల్లకు ఆ సంగతి తెల్వదా? మీ ముంగట ఏం జెప్తది? పండ్లు బాగా కాశాయి అంటది. చూరు కారుతోంది అంటది. తర్వాత గది గూడ అనదు.

వాళ్లమ్మ మాట్లాడాలంటే పిల్లకు ఇంగ్లీష్ రాని మనిషి ఒకతి పక్కన ఉండాలె. ఎవరున్నరు చెప్పుర్రి? రంజిత్‌కు గూడ ఎంతో కొంత వస్తది. ఇన్నేండ్లు అక్షరం రాదని అందరితోని మాటలు వడ్డ. ఇప్పుడు ఈ ఇంట్ల గా రానితనంతోనే పని బడ్డది.

సరే. మొత్తం జెప్తా. ఒట్టి పిల్ల కోసమే అయితే నేను ఇంత ఒర్రకపోదును.

మొన్నటి కథల ఒక పాత కార్ఖానా. మూతబడ్డది. మీటర్ మాత్రం ఉన్నది, ఈ పిలగాడు సూడనీకి పోయిండు. పొగగొట్టం కింద ఒక ముసలోడు గోడకానుకొని కూసున్నడు. మా ఆయనను, చంద్రయ్యను, మీరు సూడలే. మన పిల్లల పెండ్లికి ముందే పోయిండు. ఫౌండ్రీల జేసిండు. ఆ దుమ్ము పట్టి, దగ్గి దగ్గి పోయిండు. ఆఖర్ల ఎల్లెలుకల పండుకుంటే ఊపిరి ఆడకపోయేది. గట్లనే గోడకానుకొని కూసునేది, మోకాళ్లు ముడుసుకొని. నేను పక్కన ఆయన దగ్గు ఇనుకుంట పండుకునేది.

అడగొద్దనుకున్న వదినె. పిల్ల అల్లి జెప్తదని నాకు తెలుసాయె. అయినా నోరు ఊకోలే. 'ఆ తాత ఏమంటుండే?' అన్న.

పిల్ల టీవీ దిక్కు సూడలే. నా దిక్కు సూసింది. వాళ్ల తాతను అది ఫోటోల సూసుడే తప్ప ఎరుగదు. 'దగ్గు తగ్గిపోయిందంటున్నాడు, నానమ్మా. ఇప్పుడు పడుకుంటే హాయిగా నిద్ర పడుతోందట' అన్నది.

అబద్ధమని నాకు తెలుసు. దానికి తెలుసు. నాకు తెలుసన్న సంగతి దానికి తెలుసో లేదో, నేనడగలే. అడగ.

'మళ్లొకసారి పెట్టవే' అన్న. పెట్టింది. మళ్ల పెట్టమన్న. మళ్ల పెట్టింది. ఒక్క మాట గూడ మార్చలే, అట్లనే జెప్పింది. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. రంజిత్ వచ్చేసరికి ఇల్లంత పొగ, నేను టీవీ ముంగట కూసొని, 'గట్లనా, మంచిగ పండుకో' అంటున్న. గప్పుడే వాడు మీకు ఫోన్ జేసిండు, అమ్మకు గూడ దయ్యం బట్టిందని.

పట్టింది. పట్టనీయుర్రి.

ఏమన్నరు?

మీ గురించి ఏమన్న అన్నదా అని అడుగుతున్నరా? ఉదయశ్రీ?

లే వదినె. ఇప్పటిదాంక మీ మాట రాలే. అన్నది అని మీ మనసు కోసం జెప్పొచ్చు నేను. కానీ ఆ పని ఈ ఇంట్ల పిల్లది, నాది గాదు. మీరు ఎన్నడన్న వచ్చి పక్కన కూసుంటెనే గద, మీ దిక్కు తిరిగి అనేది.

ఏడ్వకుర్రి. కండ్లు ఎర్రగైతయ్, పిల్ల వచ్చే యాళ్లయింది. ఇగో, ఈ కొంగుతోని తుడుసుకోర్రి. పసుపు మరకనే, తడి గాదు.

కూసుంటరా ఇయాల? కథ కొత్తదే ఉన్నది. తోలుకపోయే సంగతి అది అయినంక మాట్లాడుదాం. నేను ఏడికి పారిపోత?

ఒక్కటి జేయాలె మరి. మీ కండ్లద్దాలు తియ్యుర్రి. తీసి పర్సుల ఏసుకోర్రి. అవి లేకుంటే టీవీల అక్షరాలు ఆనయ్ గదా మీకు? గోడకున్న క్యాలెండర్ సూడుర్రి, ఏముంది? తెల్వదా? మంచిది. పిల్ల అడిగితే ఇంట్ల మర్శిపోయిన అనుర్రి. అడగకముందే చెప్పుకోకుర్రి, మీ ముఖం సూస్తెనే తెలిసిపోతది. అబద్ధమాడుడు మీకు కొత్త. నేనున్న గదా, సర్దుకుంట.

ఇంకొంచెం ఇటు జరుగుర్రి. నడుమ జాగ ఉంచుర్రి, పిల్ల నడుమ కూసుంటది.

గేటు సప్పుడైంది.

టీవీల ఎవరన్న నోరు తెరవంగనే మీరే అడుగుర్రి వదినె, ఏమంటుందమ్మా అని. ఇయాల నేనడగ.